సీటు రాలేదు, జాతే కారణమనిపిస్తోంది: అమెరికాలో ఫిర్యాదు ఎలా చేయాలి, కోర్టుకు ఎలా వెళ్లాలి

ఏటా మార్చి ఆఖరి వారం వచ్చిందంటే నా ఫోనుకు విశ్రాంతి ఉండదు. అమెరికా కాలేజీలు అడ్మిషన్ నిర్ణయాలు ప్రకటించే వారం అది. "అన్నా, మావాడికి మార్కుల్లో వంక లేదు, శాట్‌లో వంక లేదు. ఇండియన్ పేరు చూసి పక్కన పెట్టేశారు. కేసు వేయవచ్చా?" పేర్లు మారతాయి, ప్రశ్న మారదు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పడం కన్నా ఒకసారి రాసిపెట్టడం మేలనిపించింది.

నేను లాయరును కాను. కొన్ని కుటుంబాలకు కాగితాలు సర్దిపెట్టినవాడిని, సొంత కూతురి విషయంలో గడువు చేజార్చుకుని నాలుక కరుచుకున్నవాడిని. ఫిర్యాదు దాకా మీరే చేసుకోగలరు. కోర్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లాయరుతో ఒక్కసారైనా మాట్లాడండి.

ముందుగా ఒక తేడా పట్టుకోవాలి. "మావాడికి సీటు రాలేదు" అన్నది బాధ. "అందరినీ ఒకే కొలతతో కొలవలేదు" అన్నది ఫిర్యాదు. అడ్మిషన్లలో జాతి చూస్తోందని హార్వర్డ్ యూనివర్సిటీ మీద నడిచిన కేసులో బయటికొచ్చిన లెక్క చూడండి: 2019లో పట్టా పుచ్చుకోవలసిన బ్యాచ్‌లో 1,600 సీట్లకు సుమారు 35,000 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో 8,000కు పైగా దరఖాస్తుల్లో జీపీఏ నూటికి నూరు. అంటే పూర్తి మార్కుల వాళ్లతోనే అయిదు క్లాసులు నింపవచ్చు. మార్కుల జాబితా ఒక్కటీ పట్టుకెళితే వివక్ష రుజువు కాదని ఈ అంకెలే చెబుతున్నాయి.

దగ్గర ఉండవలసినవి

- దరఖాస్తు పూర్తి ప్రతి: వ్యాసాలు, జాతి వివరాల గడిలో ఏం నింపారో కనిపించే పేజీతో సహా
- తిరస్కరణ లేఖ, అది వచ్చిన తేదీ కనిపించేలా
- యూనివర్సిటీతో నడిచిన ప్రతి ఈమెయిలు, ఇంటర్వ్యూ వివరాలు
- ట్రాన్‌స్క్రిప్టు, పరీక్షల స్కోర్లు
- ఆ యూనివర్సిటీ ప్రకటించే కామన్ డేటా సెట్. ఇందులో సీ విభాగం చూడాలి. ఎందరు దరఖాస్తు చేశారు, ఎందరికి సీటు ఇచ్చారు, దేనికి ఎంత ప్రాధాన్యం అన్నవి అక్కడే ఉంటాయి
- ఒక నోటుబుక్కు. నవ్వకండి, దీని సంగతి రెండో మెట్టులో చెబుతాను

1. ఈ చట్టం మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి

1964 పౌరహక్కుల చట్టంలోని టైటిల్ సిక్స్ జాతి, రంగు, జాతీయ మూలం ఆధారంగా వివక్ష చూపరాదంటుంది. ఫెడరల్ సొమ్ము, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ సొమ్ము, అందుకునే ప్రతి విద్యాసంస్థకూ ఇది వర్తిస్తుంది. విద్యార్థులకు ఫెడరల్ ఆర్థిక సహాయం అందినా లెక్కలోకే వస్తుంది కాబట్టి దాదాపు అన్ని యూనివర్సిటీలూ దీని కిందికి వచ్చేస్తాయి. ఆ సొమ్ము ముట్టని హిల్స్‌డేల్ వంటి కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే.

ప్రైవేటు యూనివర్సిటీ మీద ఇంకో దారి కూడా ఉంది. 1866 నాటి చట్టం నుంచి వచ్చిన సెక్షన్ 1981 జాతి కారణంగా ఒప్పందం నిరాకరించడాన్ని నిషేధిస్తుంది. భారతీయులం "జాతి" కిందికి వస్తామా అని కొందరికి అనుమానం. వంశమూలం, జన సముదాయ లక్షణాల ఆధారంగా చూపే వివక్ష కూడా ఈ సెక్షన్ పరిధిలోనిదేనని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు వేసినవాడు ఇరాక్‌లో పుట్టిన ప్రొఫెసరు.

వర్తించని సందర్భాలు కూడా తెలుసుకోండి. కాన్సులేట్‌లో వీసా నిరాకరిస్తే అది యూనివర్సిటీ చేసిన పని కాదు, ఈ దారిలో దానికి చోటు లేదు. విదేశీ విద్యార్థులకు తక్కువ సీట్లు ఇస్తున్నారన్నది పౌరసత్వానికి సంబంధించిన విషయం, దానంతట అదే జాతి వివక్ష కాదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని దరఖాస్తు చేసినవారికి మరో చిక్కు ఉంది. టైటిల్ సిక్స్ వాక్యం "యునైటెడ్ స్టేట్స్‌లో ఉన్న ఏ వ్యక్తినీ" అని మొదలవుతుంది. అవతలి లాయరు పట్టుకునే మొదటి మాట అదే అవుతుంది. అమెరికాలోనే ఉన్న పిల్లలకు మాత్రం హెచ్-4 వీసా అయినా గ్రీన్ కార్డు అయినా ఈ రక్షణ ఉంటుంది.

2. జరిగింది జరిగినట్టు, అదే రోజు రాసిపెట్టండి

నోటుబుక్కు ఇందుకే. మాకు తెలిసిన ఒక అమ్మాయిని ఇంటర్వ్యూ చేసిన పూర్వ విద్యార్థి "మీ వాళ్లందరూ ఇంజనీర్లే కదా, నువ్వు వేరేగా ఏం తెస్తావు?" అని అడిగాడు. ఆ అమ్మాయి ఇంటికి రాగానే ఆ వాక్యాన్ని, సమయాన్ని, అడిగినవారి పేరును రాసి పెట్టుకుంది. ఆరు నెలల తర్వాత ఆ కుటుంబం చేతిలో ఉన్న ఏకైక గట్టి ఆధారం ఆ అర పేజీయే.

అడ్మిషన్ పోర్టల్‌ను ఎప్పుడు మూసేస్తారో మనకు చెప్పరు. నిర్ణయం వచ్చిన రోజే అందులోని ప్రతి పేజీని పీడీఎఫ్‌గా దించుకోండి.

మీ దగ్గర ఏ రకం ఆధారం ఉందో ఇక్కడే తేల్చుకోవాలి. ఎవరైనా నోటితోనో ఈమెయిలులోనో జాతి ప్రస్తావన తెస్తే అది నేరుగా పనికొస్తుంది. ఒకే అర్హత ఉన్న ఇద్దరికి వేర్వేరు నియమం వర్తింపజేసినట్టు చూపగలిగితే అదీ బలమైనదే. "మా బడిలో ఫలానా అబ్బాయికి తక్కువ మార్కులకే వచ్చింది" అన్నది మాత్రం బలహీనమైన ఆధారం. ఆ అబ్బాయి వ్యాసం మీరు చదవలేదు, సిఫార్సు లేఖలు చూడలేదు. పైగా ఇంకొకరి బిడ్డ పేరు ఫిర్యాదులోకి లాగడం నాకు సుతరామూ నచ్చదు.

3. యూనివర్సిటీ నుంచి సమాచారం రాబట్టండి

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఫెర్పా అనే 1974 చట్టం కింద "మా ఫైలు చూపండి" అని తిరస్కరించిన యూనివర్సిటీకి లేఖ రాస్తారు. ఆ హక్కు అక్కడ చేరి చదివిన విద్యార్థికే ఉంటుంది. సీటు రానివారికి, వచ్చినా చేరనివారికి ఉండదు. చేరాక స్కాలర్‌షిప్పో ఆనర్స్ ప్రోగ్రామో నిరాకరించినవారు మాత్రం దీన్ని వాడుకోవచ్చు. అడిగిన 45 రోజుల్లోగా యూనివర్సిటీ రికార్డు చూపాలి.

ప్రభుత్వ యూనివర్సిటీ అయితే వేరే తలుపు తెరిచి ఉంది. ఆ రాష్ట్ర పబ్లిక్ రికార్డుల చట్టం కింద, మన సమాచార హక్కు దరఖాస్తులాగే, అడగవచ్చు. ఇతర విద్యార్థుల ఫైళ్లు అడగకండి, ఇవ్వరు. దరఖాస్తులు చదివేవారికి ఇచ్చే శిక్షణ పత్రాలు, మార్కులు వేసే కొలమానం, జాతుల వారీ మొత్తం గణాంకాలు అడగండి. వర్జీనియా వంటి కొన్ని రాష్ట్రాలు ఈ హక్కును తమ నివాసులకే పరిమితం చేశాయి. అలాంటిచోట అక్కడ ఉండే బంధువు చేత అడిగించండి.

4. తేదీ లెక్కపెట్టండి, వేళ్ల మీద కాదు

విద్యాశాఖలోని పౌరహక్కుల కార్యాలయాన్ని ఓసీఆర్ అంటారు. వివక్ష జరిగిన రోజు నుంచి 180 రోజుల్లోగా అక్కడ ఫిర్యాదు చేయాలి. 180 రోజులంటే ఆరు నెలలు కాదు! మార్చి 28న లేఖ వస్తే ఆఖరి రోజు సెప్టెంబర్ 24. నేను మా అమ్మాయి విషయంలో ఆరు నెలలని లెక్కవేసుకుని సెప్టెంబర్ 28న తీరిగ్గా ఫారం నింపడానికి కూర్చున్నాను. నాలుగు రోజులు దాటిపోయాయి.

గడువు దాటితే మినహాయింపు కోరవచ్చు. తీవ్ర అనారోగ్యం, ఆ లోపు వివక్ష జరిగిన సంగతి తెలిసే అవకాశమే లేకపోవడం వంటి కారణాలు చూపాలి. గడువుందని తెలియదంటే సాధారణంగా ఒప్పుకోరు. యూనివర్సిటీలోని ఫిర్యాదుల విభాగానికి 180 రోజుల్లోగా వెళ్లి ఉంటే, అక్కడ తేలిన తర్వాత 60 రోజుల్లోగా ఓసీఆర్‌కు రావచ్చు.

5. ఓసీఆర్ ఫిర్యాదు రాయండి

ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. వెబ్‌సైట్‌లో ఫారం ఉంది, ఈమెయిలులో గానీ తపాలాలో గానీ పంపవచ్చు. విద్యార్థి తరఫున ఎవరైనా పంపవచ్చు. కానీ 18 ఏళ్లు నిండిన విద్యార్థి అయితే అంగీకార పత్రం మీద సంతకం తనదే ఉండాలి. నాన్న సంతకం పెట్టి పంపిన ఫారాలు వెనక్కి రావడం చూశాను. అంగీకార పత్రం కోరుతూ వచ్చే లేఖలో ఒక గడువు ఉంటుంది. అది దాటితే ఫైలు మూసేస్తారు.

రాసేటప్పుడు ఈ క్రమం పాటించండి: ఎవరు, ఏ తేదీన, ఏం చేశారు; అది జాతి లేదా జాతీయ మూలం కారణంగానే అని ఎందుకు అనుకుంటున్నారు; దానికి ఆధారం ఏమిటి; మీరు కోరేదేమిటి. రెండు పేజీలు చాలు. తాతగారు వ్యవసాయం చేసి చదివించిన దగ్గర నుంచి మొదలుపెట్టిన ఒక ఫిర్యాదు నా దగ్గరికి వచ్చింది, పదకొండు పేజీలు. అసలు సంఘటన తొమ్మిదో పేజీలో ఉంది. చదివే అధికారి తొమ్మిదో పేజీ దాకా వస్తాడన్న నమ్మకం నాకు లేదు.

ఇలా రాయవద్దు: "ఈ యూనివర్సిటీకి భారతీయులంటే పడదు. మావాడు అన్ని విధాలా అర్హుడు."

ఇలా రాయండి: "ఫిబ్రవరి 9న ఇంటర్వ్యూలో ఫలానా హోదాలో ఉన్న వ్యక్తి మా జాతీయ మూలాన్ని ప్రస్తావిస్తూ ఈ మాటలు అన్నారు. అదే రోజు రాసుకున్న నోటు జతచేశాను. మార్చి 28న దరఖాస్తు తిరస్కరించారు."

ఏం ఆశించవచ్చో కూడా చెప్పాలి. ఓసీఆర్ ఒక్కో విద్యార్థి ప్రతిభను తిరిగి బేరీజు వేయదు, సీటు ఇప్పించడం దాని ప్రధానమైన పనీ కాదు. తప్పు కనిపిస్తే యూనివర్సిటీ చేత విధానం మార్పిస్తుంది. 2025 మార్చిలో దాని 12 ప్రాంతీయ కార్యాలయాల్లో ఏడింటిని మూసివేసే నిర్ణయం వెలువడింది. కాబట్టి నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకపోతే కంగారుపడకండి.

సరిచూసుకోవడం ఇలా: పంపిన తర్వాత అందినట్టు ఒక లేఖ, ఒక నంబరు రావాలి. రాకపోతే స్పామ్ ఫోల్డరు వెతికి, మళ్లీ పంపి, రెండు ప్రతులూ దాచుకోండి. "విచారణకు స్వీకరించాం" అన్న లేఖ వస్తే మిఠాయి పంచవద్దు. ఫిర్యాదు తమ పరిధిలో ఉందని మాత్రమే దాని అర్థం.

6. కోర్టుకు వెళ్లాలా? ముందు నాలుగు ప్రశ్నలు

ఓసీఆర్ ముగిసేదాకా ఆగనక్కర్లేదు, నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లవచ్చు. కానీ అదే విషయం మీద కోర్టుకెక్కితే ఓసీఆర్ తన ఫైలు మూసే అవకాశం ఉంది. అటువైపు, ఓసీఆర్‌లో ఫిర్యాదు నడుస్తోంది కదా అని కోర్టు గడియారం ఆగదు. టైటిల్ సిక్స్‌లో సొంత కాలపరిమితి లేదు. దావా వేసే రాష్ట్రంలో వ్యక్తిగత హాని కేసులకు ఉన్న గడువే దీనికీ వర్తిస్తుంది. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో రెండేళ్లు, న్యూయార్క్‌లో మూడేళ్లు.

మొదటి ప్రశ్న: నష్టపోయినది ఎవరు? వాది విద్యార్థే. అమ్మానాన్నల బాధ ఎంత నిజమైనా కోర్టు దృష్టిలో అది గాయం కాదు. మైనరు బిడ్డ తరఫున తల్లిదండ్రులు దావా వేయవచ్చు గానీ, చాలా ఫెడరల్ కోర్టులు లాయరు లేకుండా ఒప్పుకోవు.

రెండో ప్రశ్న: ఉద్దేశపూర్వకమని చూపగలరా? ఒక నియమం వల్ల మన పిల్లలకు ఎక్కువ నష్టం జరుగుతోందని గణాంకాలు మాత్రమే చూపితే వ్యక్తులు టైటిల్ సిక్స్ కింద దావా వేయలేరని 2001లో అలెగ్జాండర్ వర్సెస్ శాండోవాల్ తీర్పు తేల్చేసింది. కావాలనే వివక్ష చూపారని చెప్పగలగాలి.

మూడో ప్రశ్న: జాతి చూడకపోయినా సీటు రాకపోయేదా? ఇది అందరూ మరిచిపోయేది. 1999 నాటి టెక్సస్ వర్సెస్ లెసాజ్ కేసు చదవండి. సుమారు 20 సీట్లున్న పీహెచ్‌డీ ప్రోగ్రామ్‌కు 223 దరఖాస్తులు వచ్చాయి. జాతితో సంబంధం లేకుండానే దరఖాస్తుదారుడు లెసాజ్‌కు సీటు వచ్చేది కాదని యూనివర్సిటీ రుజువు చేయగలిగితే పరిహారం రాదని సుప్రీంకోర్టు చెప్పింది.

నాలుగో ప్రశ్న: ఇప్పుడు కోర్టు ఇవ్వగలిగింది ఏముంది? డీఫ్యూనిస్ అనే విద్యార్థి వాషింగ్టన్ యూనివర్సిటీ లా స్కూలు మీద కేసు వేసి, కింది కోర్టు ఆదేశంతో చేరాడు. 1974లో కేసు సుప్రీంకోర్టు ముందు తేలే నాటికి ఆఖరి టర్మ్‌లో ఉన్నాడు. తేల్చడానికి ఇక వివాదమే మిగల్లేదని న్యాయమూర్తులు కొట్టివేశారు. అందుకే సీటు ఒక్కటే కోరకండి, పరిహారం కూడా కోరండి. జరిగిపోయిన హక్కు ఉల్లంఘనకు నామమాత్రపు పరిహారం, ఒక్క డాలరైనా సరే, కోరితే కేసు బతికే ఉంటుందని 2021లో ఉజుఎగ్బునమ్ తీర్పు చెప్పింది. మనోవేదనకు మాత్రం పెద్ద మొత్తం ఆశించవద్దు. ఫెడరల్ సొమ్ముకు ముడిపడిన ఇలాంటి చట్టాల కింద మనోవేదనకు పరిహారం లేదన్న తీర్పు 2022లో వచ్చింది.

7. దావా దాఖలు చేయడం

యూనివర్సిటీ ఉన్న ప్రాంతపు ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టుకు వెళ్లాలి. లాయరు లేనివారి కోసం పౌరహక్కుల దావా ఫారాలు కోర్టుల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫీజు 405 డాలర్లు. కట్టలేని స్థితిలో ఉంటే ఆదాయ వివరాలతో మినహాయింపు దరఖాస్తు పెట్టవచ్చు.

దావాలో నిర్ధారణలు కాదు, సంఘటనలు రాయాలి. "వివక్ష చూపారు" అని ఇరవైసార్లు రాసినా, నిజమై ఉండవచ్చనిపించే వివరాలు లేకపోతే మొదటి దశలోనే కొట్టేస్తారు. 2009 నాటి ఇక్బాల్ తీర్పు తర్వాత ఈ జల్లెడ ఇంకా సన్నబడింది. యూనివర్సిటీ ఫైళ్లు చేతికి రాకుండా వివరాలు ఎక్కడి నుంచి తేవాలి, వివరాలు లేకుండా ఫైళ్లు ఎలా వస్తాయి? ఈ చిక్కుముడి నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. మూడో మెట్టులో పబ్లిక్ రికార్డుల మీద అంత సమయం పెట్టమన్నది దీని కోసమే.

ప్రభుత్వ యూనివర్సిటీ మీద అయితే సెక్షన్ 1983 దగ్గర జాగ్రత్త. రాష్ట్ర అధికారంతో హక్కులు ఉల్లంఘించినవారి మీద దావా వేయనిచ్చే ఫెడరల్ చట్టం అది. ఆ సెక్షన్ కింద రాష్ట్రాన్ని ప్రతివాదిగా పెడితే నిలవదు, అధికారుల పేర్లు పెట్టాలి. టైటిల్ సిక్స్ కింద మాత్రం యూనివర్సిటీనే పెట్టవచ్చు.

దాఖలు చేసిన 90 రోజుల్లోగా ప్రతివాదికి సమన్లు అందాలి. స్వయంగా వెళ్లి ఇచ్చివస్తే చెల్లదు! కేసులో పక్షం కాని, 18 ఏళ్లు నిండిన మరొకరు అందించాలి. కేసుల పేర్లు ఏఐ చాట్‌బాట్‌ను అడిగి రాయవద్దని కూడా చెప్పక తప్పదు. లేని తీర్పులను ఉన్నట్టు చూపినందుకు 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు లాయర్లకే 5,000 డాలర్ల జరిమానా వేసింది. ప్రతి తీర్పునూ తెరిచి చదివాకే దాని పేరు రాయండి.

సరిచూసుకోవడానికి పేసర్ అనే వెబ్‌సైట్ ఉంది. మీ కేసు నంబరు కొడితే ఏ రోజు ఏం దాఖలైందో కనిపిస్తుంది. పేజీకి 10 సెంట్లు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే అసలు వసూలు చేయరు. వారానికొకసారి చూడండి. కొట్టివేయాలని యూనివర్సిటీ పిటిషన్ వేస్తే జవాబుకు ఇచ్చే సమయం చాలా తక్కువ. అది ఎన్ని రోజులో ఆ కోర్టు స్థానిక నియమాల్లో ఉంటుంది.

8. ఒంటరిగా వద్దనుకుంటే

సంస్థ ద్వారా పోరాడే దారి ఉంది. హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల మీద కేసులు వేసింది విద్యార్థి కాదు, స్టూడెంట్స్ ఫర్ ఫెయిర్ అడ్మిషన్స్ అనే సంస్థ. తన సభ్యుల తరఫున వాదించే అర్హత దానికి ఉందని సుప్రీంకోర్టు ఒప్పుకుని, 2023 జూన్ 29న జాతి ఆధారిత అడ్మిషన్లు చెల్లవని తీర్పిచ్చింది. దావా పడింది మాత్రం 2014 నవంబరులో. ఆనాడు సీటు రాని పిల్లలు అప్పటికి ఉద్యోగాల్లో ఉండి ఉంటారు. ఆ తీర్పు మంచిదా చెడ్డదా అన్నదానిపై మన కుటుంబాల్లోనే భోజనాల దగ్గర వాదనలు నడుస్తాయి, ఇక్కడ దాని జోలికి పోను. దరఖాస్తు చేసేవారికి పనికొచ్చే ముక్క ఒకటి అందులో ఉంది. జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో విద్యార్థి వ్యాసంలో రాసుకోవచ్చు, యూనివర్సిటీ దాన్ని చదవవచ్చు. అంతేగాని వేరే జాతి పేరు గడిలో పెట్టడం, ఇంటిపేరు దాచడం వంటి తెలివితేటలు వద్దు. అబద్ధం బయటపడితే వచ్చిన సీటూ పోతుంది.

9. ఈలోగా పిల్లల చదువు

కేసు వేస్తున్నాం కదా అని వేరే కాలేజీకి డిపాజిట్ కట్టకుండా కూర్చున్న కుటుంబాన్ని ఒకదాన్ని చూశాను. చేరితే హక్కు వదులుకున్నట్టవుతుందని వారికి ఎవరో చెప్పారట. అది నిజం కాదు. 2003లో తీర్పు వచ్చిన మిషిగన్ యూనివర్సిటీ అడ్మిషన్ల కేసులో హమాకర్ అనే విద్యార్థి అప్పటికే మరో యూనివర్సిటీలో చేరిపోయాడు. అవకాశం ఇస్తే బదిలీ దరఖాస్తుకు సిద్ధమేనన్నాడు. కేసు నడపడానికి అతనికి అర్హత ఉందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. బదిలీకి మీవాడు కూడా సిద్ధమైతే ఆ సంగతి దావాలో స్పష్టంగా రాయండి. చాలా కాలేజీలకు డిపాజిట్ ఆఖరి తేదీ మే 1. ఫిర్యాదు పత్రం సగంలో ఉన్నా సరే, దాన్ని పక్కన పెట్టి ముందు అది కట్టేయండి.